గాలివాన, తుఫాను తర్వాత అడవిలో పురుగు పెరుగుతుందా, తగ్గుతుందా?

కోడూరు_తోట (రైల్వే కోడూరు)

అందరికీ నమస్తే. మే నెల గాలివానకు మా వైపు మామిడి తోటలు ఎట్లా దెబ్బతిన్నాయో తెలిసే ఉంటుంది. కాయ రాలింది సరే, కొమ్మలు కూడా ఫెళఫెళా విరిగాయి. విరిగిన చోటల్లా ఇప్పుడు గుత్తులు గుత్తులుగా ఎర్రటి లేత ఇగుర్లు వచ్చాయి. వచ్చిన ఇగురు వచ్చినట్టే పురుగు పాలవుతోంది. పొద్దున పోయి చూస్తే చెట్టు కింద లేత ఆకులు కత్తెర పెట్టి కోసినట్టు అడ్డంగా తెగి పడి ఉంటున్నాయి. గాలి దెబ్బ తగలని పక్క తోటలో అంతా ముదురు ఆకే, అక్కడ ఈ బాధ లేదు.

మా నాయనేమో పెద్ద వాన పడితే పురుగంతా కొట్టుకుపోతుంది అంటాడు. మిరపలో ఆ మాట నిజమవడం నేను చూశాను. మరి ఇక్కడ రివర్స్ ఎందుకయింది? తోట సంగతి వదిలేయండి, ఏదో ఒక మందు కొడతాం. శేషాచలం కొండల్లో మందు కొట్టేవాళ్లు లేరు కదా, అక్కడ ఏం జరుగుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

కదిరి_సేద్యం (కదిరి)

అన్నా, మీ నాయన మాట తీసిపారేసేది కాదు. తామర పురుగు, పేనుబంక లాంటివి ఆకు మీద పైపైన ఉంటాయి, జోరు వానకు కడుక్కుపోతాయి. మా వేరుశనక్కాయ పొలాల్లో ఇంకో కథ ఉంది. ఎర్ర గొంగళి పురుగు ఎండాకాలమంతా కోశం కట్టుకుని భూమిలో పడి ఉంటుంది. తొలకరి గట్టిగా పడిందంటే చాలు, రెక్కల పురుగులు గుంపులు గుంపులుగా లేస్తాయి. ఆ రాత్రుల్లోనే ఊరంతా కలిసి గట్ల మీద మంటలు వేయాలి. నాలుగు రోజులు ఆలస్యమైతే గుడ్లు పెట్టేస్తాయి, ఆ తర్వాత ఎవరి తరమూ కాదు. వాన దాన్ని చంపదు, లేపుతుంది.

కర్నూలు_జువాలజీ (కర్నూలు)

కోడూరు తోట గారూ, మీ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు రాదు. ఏ పురుగు, గాలివాన పోయి ఎన్నాళ్లయింది, ఈ రెండూ చెబితేనే పెరిగిందా తగ్గిందా అన్నది తేలుతుంది.

ఈ విషయం బాగా గమనించిన చోటు ప్యూర్టోరికో. కరీబియన్ సముద్రంలో ఒక ద్వీపం. అక్కడ లుకీయో కొండల్లో వానాడవి ఉంది. 1989 సెప్టెంబరులో హ్యూగో తుఫాను దాన్ని ఊపేసింది. మామూలుగా ఏడాది పొడవునా రాలే ఆకు, రెమ్మ ఎంత ఉంటుందో, కాస్త ఎక్కువే అనుకోండి, అంతా ఒక్క పూటలో రాలింది. అంతవరకూ నీడలో ఉన్న నేల మీద ఎండ పడేసరికి మట్టిలో ఎన్నాళ్లుగానో ఉన్న గింజలు మొలిచాయి. ఫైటోలాక్కా అనే మెత్తటి మొక్క ఎక్కడ చూసినా అదే అన్నట్టు లేచింది. మరుసటి ఏడాది దాని మీద గొంగళ్లు పడ్డాయి.

ఆ గొంగళి పేరు స్పోడోప్టెరా ఎరిడేనియా. మన వేరుశనగలో, పొగాకులో, ఆముదంలో వచ్చే లద్దె పురుగు స్పోడోప్టెరా లిట్యురా. 2018లో మన దేశంలో కనబడి మొక్కజొన్నను పట్టుకున్న కత్తెర పురుగు స్పోడోప్టెరా ఫ్రూజిపెర్డా. మూడూ దాయాదులే. అక్కడ లెక్క చూసినవాళ్లకు ఆ తుఫాను తర్వాత 15 రకాల రెక్కల పురుగుల గొంగళ్లు విపరీతంగా పెరిగినట్టు తేలింది. ఈ ఎరిడేనియా ఒక్కటే 56 రకాల మొక్కల్ని తిన్నది.

ఎక్కడ ఆగిందంటే, ఇష్టమైన మొక్క తిని తిని అయిపోయింది. దాంతో పాటు గొంగళి ఒంట్లో గుడ్లు పెట్టే కందిరీగ జాతి పరాన్నజీవులు కూడా అందుకున్నాయి.

ఇక అదే అడవిలో, అదే తుఫానుకు పుల్ల పురుగులు దాదాపు మాయమైపోయాయి. వాటికి రెక్కలుండవు, చెమ్మగా ఉండే నీడ కావాలి. ఎగిరి పోయే దారి లేదు, ఎండలో నిలిచే శక్తీ లేదు. కాబట్టి మీ నాయన గారూ రైటే, మీరూ రైటే.

నంద్యాల_శీను (నంద్యాల)

మేడం, చెప్పింది బాగుంది. కానీ ప్యూర్టోరికో ఎక్కడ, మన నల్లమల ఎక్కడ? అక్కడ ఏడాదంతా వాన, ఏడాదంతా పచ్చటి ఆకు. మన అడవి ఎండాకాలానికి ఆకు మొత్తం దులిపేసి నిలబడుతుంది. గాలి వచ్చినా రాకపోయినా ఏటా నేల మీద ఎండ పడుతూనే ఉంది, ఏటా కొత్త ఇగురు వస్తూనే ఉంది. అంటే మన అడవికి ఏటా తుఫాను వచ్చినట్టే కదా? అక్కడి లెక్క తెచ్చి ఇక్కడ అతికిస్తే ఎట్లా?

వాన_లెక్కలు (కడప)

శీను అడిగిన దాంట్లో పాయింట్ ఉంది. దానికి నాదొక మాట కలుపుతాను. మనకు తుఫాను అనగానే గాలి అనుకుంటాం. బంగాళాఖాతంలో లేచినవి కోస్తా దాటి కడప చేరేసరికి గాలి ఊపు సగం చచ్చిపోతుంది, మనకు మిగిలేది ముసురు, వరద. 2020 నవంబరులో నివర్ అట్లానే వచ్చింది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది కూడా వానకే, గాలికి కాదు. గాలి పని చూడాలంటే 2014 అక్టోబరు 12న విశాఖలో హుద్‌హుద్ చూడాలి. కొండలన్నీ ఒక్క రోజులో ఆకు లేకుండా బోడిగా తేలాయి.

మన గాలివాన వేరే సరుకు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట మబ్బు కమ్ముకుని కాసేపు విరుచుకుపడి పోతుంది. ఒక పట్టీలో అరటి మొత్తం పడుకుంటుంది, రోడ్డుకు అవతల ఆకు కూడా కదలదు. పులివెందుల వైపు అరటి రైతునెవరినైనా అడగండి. కాబట్టి ముసురుకు జరిగేదీ, గాలివానకు జరిగేదీ విడివిడిగా మాట్లాడుకోవాలి.

ఇంకొకటి. గాలివాన రాకముందే పురుగుకు తెలుస్తుంది. 2013లో బ్రెజిల్, కెనడా పరిశోధకులు చేసిన పని ఉంది. గాలి పీడనం పడిపోతున్నప్పుడు పెంకు పురుగు, లద్దె లాంటి రెక్కల పురుగు, పేనుబంక, మూడింటిలోనూ జతకట్టే ప్రవర్తన తగ్గిపోయింది. మనం మబ్బు చూసి పట్టాలు కప్పుకుంటాం, అవి మబ్బు చూడకుండానే జాగ్రత్త పడతాయి.

ఆత్మకూరు_టేకు (ఆత్మకూరు)

నేను అటవీ శాఖలో చేసి రిటైర్ అయినవాణ్ణి. పేపర్లు చదవలేదు గానీ చెట్లు చూశాను.

శీనూ, ఏటా ఆకు రాల్చడం, గాలికి ఆకు ఊడిపోవడం ఒకటి కాదు నాయనా. చెట్టు తనంతట తాను ఆకు రాల్చేటప్పుడు ఆకులో ఉన్న సత్తువ వెనక్కి లాక్కుని, పండు చేసి వదులుతుంది. గాలి ఊడబీకితే పచ్చి ఆకు సత్తువతో సహా నేల మీద పడుతుంది. చెట్టుకు నష్టం, నేలకు లాభం. ఇక ఇగురు. మామూలు ఏడాది అడవిలో చెట్లన్నీ ఇంచుమించు ఒకేసారి ఇగురుస్తాయి. పురుగు ఎంత తిన్నా అంత అడవికి పంచుకుని తినాలి. గాలి పట్టీలో పడిన నాలుగు చెట్లే అకాలంలో ఇగురుస్తాయి. చుట్టూ ముదురాకు, మధ్యలో లేతాకు. పురుగు మొత్తం అక్కడికే వస్తుంది. కోడూరు ఆయన తోటలో జరిగింది ఇదే.

నల్లమలలో టేకు చూడండి. ఆగస్టు దాటాక ఆకులో పచ్చదనం అంతా గీరి తినేసి ఈనెలు మాత్రం వదిలే పురుగు వస్తుంది. దూరం నుంచి చూస్తే అగ్గి తగిలినట్టు కొండ గోధుమ రంగుకు తిరుగుతుంది. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు టెన్షన్ పడేవాళ్లు, చెట్లు చచ్చిపోతున్నాయని. చావవు. అప్పటికే ఆ ఏడాది ఎదుగుదల చాలావరకు అయిపోయి ఉంటుంది. అదే పురుగు జూన్ ఇగురును తింటే మాత్రం దెబ్బ.

కర్నూలు_జువాలజీ (కర్నూలు)

పెద్దాయన చెప్పింది పుస్తకంలో పెట్టాల్సిన మాట. ఈనెలు వదిలేది యూటెక్టోనా. జూన్ ఇగురు తినేది ఇంకొకటి ఉంది, హైబ్లియా ప్యూరా. దాని మీద కేరళ అటవీ పరిశోధన సంస్థ వాళ్లు నిలంబూరు టేకు తోటల్లో ఏళ్ల తరబడి పని చేశారు. రుతుపవనాలకు ముందు పడే జల్లులతో పాటే రెక్కల పురుగులు గుంపులుగా దిగి, అప్పుడే విచ్చుకుంటున్న లేత ఆకు మీద గుడ్లు పెడతాయి. ఆకు ముదిరితే చిన్న గొంగళి దాన్ని కొరకలేదు. అంటే వాన, ఇగురు, పురుగు, మూడూ ఒకే వారంలో కలవాలి. కలిసిన ఏడాది తోటలు మోడులవుతాయి.

లేత ఆకు ఎందుకంత రుచి అంటే, నీరు, నత్రజని ఎక్కువ, పీచు తక్కువ. విరిగిన కొమ్మ నుంచి హడావుడిగా వచ్చే ఇగురు ఇంకా మెత్తగా ఉంటుంది. బహామాస్‌లో దీన్ని సరిచూశారు. 1996 అక్టోబరులో లిలీ తుఫాను చిన్న చిన్న దీవుల మీదుగా పోయింది. ఆ తర్వాత అక్కడి బటన్‌వుడ్ పొదలకు వచ్చిన కొత్త ఆకును పురుగు ముందుకన్నా ఎక్కువ తిన్నది. ఇది తుఫాను వల్లనా, ఇగురు వల్లనా అని తేల్చుకోవడానికి వాళ్లే పొదల్ని కత్తిరించి చూశారు. కత్తిరించిన పొద ఇగురుకూ అదే గతి పట్టింది. గాలి అక్కర్లేదు, కత్తిరింపు చాలు. మామిడిలో కొమ్మలు కత్తిరించే రైతులకు ఇది కొత్త కాదు.

లంకమల_పిట్టలు (సిద్దవటం)

మేడం, అదే బహామాస్‌లో ఇంకో సగం కథ ఉంది. లిలీ తోసుకొచ్చిన సముద్రపు నీటికి కొన్ని దీవుల్లో బల్లులు, సాలీళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. పురుగుల్ని తినేవాళ్లు లేకుండా పోయారు. పురుగు రెక్కల మీద తిరిగి రావడం ఎంతసేపు? బల్లి ఈదుకుంటూ ఎప్పుడు రావాలి? గాలివాన తర్వాత ఇగురు ఎంత వచ్చింది అని మాత్రమే లెక్క వేసుకుంటే సగమే చూసినట్టు. తినేదాన్ని తినేవి ఎన్ని మిగిలాయి అన్నది రెండో సగం.

మా లంకమలలో నేను చూసేది చీమలు. పొలం గట్టు ఆముదం చెట్టు దగ్గర కూర్చుని ఆకు కాడ చూడండి. ఆకు కలిసే చోట, కాడ పొడవునా అక్కడక్కడా చిన్న బొడిపెలు ఉంటాయి, వాటిలో తియ్యటి నీరు ఊరుతుంది. చీమలు ఒకటి పోతే ఒకటి వచ్చి నాకుతూ ఉంటాయి. గొంగళి పిల్ల దొరికితే ఊరుకోవు, ఈడ్చుకుపోతాయి. ఇట్లాంటి తేనె బొడిపెలున్న మొక్కలు చాలా ఉన్నాయి. ఆకు గాయపడితే వాటిలో చాలావాటికి ఊట పెరుగుతుంది, అంటే కాపలాకు కూలి పెంచినట్టు. కానీ ముసురు పట్టి చీమల పుట్టల్లోకి నీళ్లు పోయాయనుకోండి, కూలి ఇస్తామన్నా వచ్చేవాడు ఉండడు. అందుకే వాన_లెక్కలు సార్ చెప్పినట్టు ముసురూ గాలివానా వేరువేరుగా చూడాల్సిందే.

పెన్నా_గట్టు (జమ్మలమడుగు)

చీమలకు కూలీ, తుఫానుకు దాయాదులూ, మీరంతా కలిసి సీరియల్ తీయండప్పా. నేను గండికోట కాడ టీ తాగుతూ చదువుతున్నా, టీ చల్లారిపోయింది.

కదిరి_సేద్యం (కదిరి)

@పెన్నా_గట్టు టీ మళ్లీ చెప్పుకో, ఇంకా ఉంది.

ఎంఎస్సీ_అనంత (అనంతపురం)

అందరికీ నమస్తే, నేను ఎంఎస్సీ చదువుతున్నాను. ఒక డౌట్. తుఫానుకు రెండు ఒకేసారి జరుగుతాయి కదా. పైన చెట్ల కొమ్మలు, ఆకుల గొడుగు తెరుచుకుని ఎండ పడుతుంది, కింద ఆకు, కొమ్మ పోగుపడుతుంది. పురుగుల్లో వచ్చిన మార్పు ఎండ వల్లనా, పోగు వల్లనా అని ఎలా విడదీస్తారు?

కర్నూలు_జువాలజీ (కర్నూలు)

మంచి ప్రశ్న తల్లీ. సరిగ్గా ఇదే విడదీయడానికి ఆ లుకీయో అడవిలోనే 2004, 2005లో తుఫాను లేకుండా తుఫాను పుట్టించారు. చెట్లెక్కి పై కొమ్మలు నరికారు. కొన్ని మడుల్లో కొమ్మలు నరికి ఆ ఆకు, కొమ్మ అక్కడే పరిచారు. కొన్నిట్లో నరికి, పోగు ఎత్తేశారు. కొన్నిట్లో చెట్లు ముట్టకుండా పక్క మడిలో నరికిన పోగు తెచ్చి పరిచారు. కొన్ని మడుల్ని అసలు ముట్టలేదు. నాలుగు రకాలు పక్కపక్కన ఉంటే ఏది దేనివల్లనో తెలిసిపోతుంది.

ఎక్కువ మార్పులకు కారణం గొడుగు తెరుచుకోవడమే అని తేలింది. ఎండ తగిలి నేల మీద ఆకు ఎండిపోయేసరికి, చెమ్మలో బూజును నమ్ముకుని బతికే చిన్న చిన్న పురుగులకు కష్టం వచ్చింది. పోగు ఆ కష్టాన్ని కొంత తగ్గించింది, కింద చెమ్మ నిలిపి, మట్టికి సత్తువ ఇచ్చి. నిజం తుఫానులో రెండూ కలిసే వస్తాయి కాబట్టి అడవి మనం అనుకున్నంత కుదేలవదు. పోగంతా ఊడ్చి ఎత్తేస్తే మాత్రం చెడ్డదే మిగులుతుంది. తుఫాను రాగానే పడిన కలప మొత్తం లారీలకెక్కించాలని చూసేవాళ్లకు ఇది వినిపించాలి.

నంద్యాల_శీను (నంద్యాల)

సరే మేడం, పెద్దాయన చెప్పిన అకాలపు ఇగురు మాట నాకు ఎక్కింది. మన అడవి ఏటా ఆకు రాల్చినా, గాలి పట్టీ లెక్క వేరే అని ఒప్పుకుంటున్నా. కానీ నా వాదన ఇంకా పూర్తిగా వదల్లేదు. మన చెట్లకు మోడై నిలబడటం అలవాటు. వానాడవి చెట్టుకు కొత్త. ఏది త్వరగా తేరుకుంటుందో చెప్పాలంటే నేను మన చెట్టు మీదే పందెం కాస్తా.

ఆత్మకూరు_టేకు (ఆత్మకూరు)

పందెం కాయి, కానీ నెల చెప్పి కాయి. మేలో ఊడితే తేరుకుంటుంది, ముందు వానాకాలం ఉంది. నవంబరు గాలికి ఊడితే మళ్లీ ఇగురు వేయడానికి నేలలో తడి ఎన్నాళ్లుంటుంది?

లంకమల_పిట్టలు (సిద్దవటం)

మే అంటే గుర్తొచ్చింది. ఎర్రచందనం ఎండాకాలంలోనే పసుపుపచ్చగా పూస్తుంది, దానికి తేనెటీగలే దిక్కు. పూత మీద ఉన్నప్పుడు గాలివాన కొడితే చెట్టుకు ఆకు మళ్లీ వస్తుంది గానీ ఆ ఏడాది పూత మళ్లీ రాదు. ఆకు తినే పురుగుకు గాలివాన పండగ అయితే, పువ్వును నమ్ముకున్న దానికి పస్తు. మనం గొంగళ్ల గురించే మాట్లాడుతున్నాం, పంటను పాడుచేస్తాయి కాబట్టి. తేనెటీగ సంగతి ఎవరికీ గుర్తు రాదు, తేనె ధర పెరిగినప్పుడు తప్ప.

కోడూరు_తోట (రైల్వే కోడూరు)

అందరికీ థ్యాంక్స్. మేడం, ఇంతకీ మా తోటలో ఆకులు కోసేది లద్దె పురుగేనా? రాత్రి టార్చి వేసి చూస్తే గొంగళి ఒక్కటీ కనబడలేదు.

కర్నూలు_జువాలజీ (కర్నూలు)

అడ్డంగా నీటుగా తెగి పడిందంటే గొంగళి పని కాదు. మామిడి లేతాకు కోసే ముక్కు పురుగు ఒకటుంది, బియ్యపు గింజంత కూడా ఉండదు. ముందు ఆకులో గుడ్లు పెట్టి, తర్వాత ఆకు మొదలు దగ్గర కోసి కింద పడేస్తుంది. పిల్ల ఆ పడిన ఆకులోనే తిని పెరిగి మట్టిలోకి దిగుతుంది. రాలిన లేతాకు ఒకటి తీసి ఎండకు పట్టి చూడండి, నడి ఈనె పక్కన సన్నటి మచ్చలు కనబడతాయి. మందుకన్నా ముందు పడిన ఆకు ఏరోజుకారోజు ఏరి తగలబెట్టించండి. మట్టిలోకి పోయే దారి మూసినట్టవుతుంది.

కదిరి_సేద్యం (కదిరి)

ఆకు ఏరిస్తారు సరే, విరిగిన కొమ్మల సంగతేంటి అన్నా? మా మేనత్త వాళ్లది శ్రీకాకుళం. తిత్లీ తుఫాను తర్వాత కొబ్బరి మొద్దులు తోటల్లో వదలొద్దని అక్కడ గట్టిగా చెప్పారంట. కుళ్లిన మొద్దులో కొమ్ము పురుగు గుడ్లు పెట్టి, నిలబడ్డ చెట్ల మొవ్వు తొలిచేస్తుంది.

ఆత్మకూరు_టేకు (ఆత్మకూరు)

మామిడికీ అంతే. చీలిన కొమ్మ, ఊడిన బెరడు దగ్గర కాండం తొలిచే పెద్ద పురుగు గుడ్లు పెడుతుంది. బయట రంపపు పొట్టు రాలేదాకా మనకు తెలియదు, అప్పటికి లోపల సొరంగం అయిపోయి ఉంటుంది. చీలికలు వదలకుండా మోడును రంపంతో నున్నగా కోసి బోర్డో పేస్ట్ పూయించండి. పడిన కొమ్మలు తోట బయటికి చేర్చండి. అడవిలో అయితే ఇదంతా అక్కర్లేదు. అక్కడ పడిన మొద్దును తొలిచే పురుగు ఉంటుంది, పురుగును లాగే వడ్రంగి పిట్ట ఉంటుంది. తోటలో ఆ పిట్ట లేదు కాబట్టి ఆ పని మీరు చేసుకోవాలి.

కోడూరు_తోట (రైల్వే కోడూరు)

బోర్డో పేస్ట్ ఇంట్లో కలుపుకోవచ్చా పెద్దాయనా, షాపులోదే వాడాలా?

ఆత్మకూరు_టేకు (ఆత్మకూరు)

ఇంట్లోనే కలుపుకోవచ్చు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, మొత్తం పది లీటర్ల నీళ్లు. రెండూ విడివిడిగా కరిగించి తర్వాత కలపండి. ప్లాస్టిక్ బకెట్లే వాడండి, ఇనుపది వద్దు. కలిపిన రోజే పూసేయాలి, మిగిల్చి రేపటికి పెట్టుకోవద్దు.